నాలుగు పాటల కోసం నాలుగు రోజులు: బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబాత్ ఆఖరి కచేరీ

మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో మొదలైన కచేరీ రాత్రి పదింటి దరిదాపుల్లో ముగిసింది. అంత పొడుగు రోజులో, ఈ ఊళ్ళో పుట్టిన హెవీ మెటల్ బృందం బ్లాక్ సబాత్ వాయించింది నాలుగే పాటలు. మిగతా సమయమంతా వాళ్ళని విని వాయిద్యం పట్టిన వాళ్ళదే: మెటాలికా, గన్స్ అండ్ రోజెస్, స్లేయర్, టూల్, పాంటెరా లాంటి బృందాలు. పెళ్ళికొడుకు ఆఖర్న వచ్చి అక్షింతలు వేయించుకుని వెళ్ళిపోయినట్టుంటుంది ఈ లెక్క వింటే. అక్కడ నిలబడ్డవాళ్ళకి మాత్రం అలా అనిపించలేదు.

2025 జూలై 5, శనివారం. ఊరు బర్మింగ్‌హామ్, చోటు ఆస్టన్ విల్లా ఫుట్‌బాల్ జట్టు మైదానమైన విల్లా పార్క్. గాయకుడు ఆజీ ఆజ్‌బోర్న్‌కి 76, గిటార్ వాయించే టోనీ అయోమీకి 77, బేస్ గిటార్ వాయించే గీజర్ బట్లర్‌కి 75, డ్రమ్మర్ బిల్ వార్డ్‌కి 77. నలుగురి వయసూ కలిపితే 305. ఈ నలుగురూ కలిసి వాయించి అప్పటికి ఇరవై ఏళ్ళు. 2017 ఫిబ్రవరి 4న ఇదే ఊళ్ళో ఒకసారి వీడ్కోలు చెప్పారు గానీ, అప్పుడు డ్రమ్స్ దగ్గర బిల్ వార్డ్ లేడు. అందుకే పాత అభిమానులు దాన్ని లెక్కలోకి తీసుకోరు.

టికెట్టు కనీస ధర 197.50 పౌండ్లు. అప్పటి మారకంలో పౌండు 117 రూపాయల దరి, అంటే ఇరవై మూడు వేల చిల్లర. అమ్మకం పెట్టిన నిమిషాల్లోనే అయిపోయాయి. వీసా, విమానం సంగతులు ఎవరికి వాళ్ళకి తెలిసినవే, వదిలేద్దాం.

జూలై 3, గురువారం. ఊరి నడిబొడ్డు

న్యూ స్ట్రీట్ స్టేషన్లో రైలు దిగి పైకి రాగానే ఎదురయ్యేది ఒక ఎద్దు. పది మీటర్ల ఎత్తు, ఒళ్ళంతా ఇనప పలకలు, పళ్ళ చక్రాలు. తల తిప్పుతుంది, కళ్ళు వెలుగుతాయి. 2022 కామన్వెల్త్ క్రీడల ప్రారంభోత్సవం కోసం తయారుచేశారు. ఆ రోజు వేడుకలో దీన్ని లాగుతూ వచ్చింది గొలుసులు చేసే ఆడవాళ్ళ వేషంలో ఉన్న నటులు. ఈ చుట్టుపక్కల క్రేడ్లీ హీత్‌లో ఇంటి వెనక కొలిమి పెట్టుకుని ఇనప గొలుసులు చేసిన ఆడవాళ్ళు 1910లో కూలి కోసం సమ్మె చేసి గెలిచారు. క్రీడలయ్యాక ఎద్దుని స్టేషన్లో నిలబెట్టి, పేరు పెట్టమని జనాన్నే అడిగితే, జనం పెట్టిన పేరు ‘ఆజీ’. మొదటి ఫోటో అందరిదీ ఇక్కడే.

స్టేషన్ పక్కనే నావిగేషన్ స్ట్రీట్‌లో నలుగురి మొహాలతో పెద్ద గోడ బొమ్మ ఉంది. ఎదురు పేవ్‌మెంట్ మీద నిలబడితేనే మొత్తం ఫ్రేములో పడుతుంది. రోడ్డు మధ్యలోకి వెళ్ళి ఫోటో తీయబోతే బస్సువాళ్ళు హారన్ కొడతారు. ఆజీ కుర్రతనంలో ఈ ఊళ్ళోనే లూకస్ ఫ్యాక్టరీలో కారు హారన్లు మోగించి పరీక్షించే పని చేశాడు. ఆ తర్వాత కబేళాలో పని. దొంగతనం కేసులో కొన్ని వారాలు విన్సన్ గ్రీన్ జైల్లోనూ ఉన్నాడు.

అక్కణ్ణుంచి బ్రాడ్ స్ట్రీట్ కాలువ వంతెనకి పావుగంట నడక. ఎండగా ఉంటే ట్రామెక్కి బ్రిండ్లీప్లేస్‌లో దిగొచ్చు. 2016 నుంచి ఒక ట్రామ్‌కి ఆజీ పేరుంది. అదే రావాలని కూర్చుంటే పొద్దు గూకుతుంది, వచ్చింది ఎక్కడమే. వంతెన పేరు 2019 నుంచి బ్లాక్ సబాత్ బ్రిడ్జ్. దాని మీద ఒక ఇనప బెంచీ, వెనక నలుగురి మొహాలు. గురువారం మధ్యాహ్నానికే క్యూ వంతెన దాటిపోయింది. అందులో ఒక పద్ధతి ఉంది, ఎవరూ చెప్పరు, చూసి నేర్చుకోవాల్సిందే. మన వెనక నిలబడ్డవాళ్ళకి ఫోన్ ఇస్తే వాళ్ళు మనకి తీస్తారు, మనం వాళ్ళకి. రెండు మూడు ఫోటోలు, అంతే. నాలుగో దానికి జుట్టు సర్దుకోవడం మొదలుపెడితే వెనక నుంచి దగ్గు వినిపిస్తుంది. ఇంగ్లండులో దగ్గు అంటే గట్టిగా తిట్టినట్టే.

ఆ బెంచీ మీద ఆ రోజు కోక్ డబ్బాలు, గిటార్ పిక్కులు తప్ప ఏమీ లేవు. కచేరీ అయిన పదిహేడు రోజులకి, జూలై 22న, ఆజీ పోయాడు. ఆ తర్వాత వచ్చిన ఫోటోల్లో పూల కింద బెంచీయే కనపడలేదు.

మ్యూజియం అండ్ ఆర్ట్ గ్యాలరీలో ఆజీ మీద ప్రదర్శన జూన్ 25న తెరిచారు. ప్రవేశం ఉచితం. అవార్డులు, ప్లాటినం డిస్కులు, నిలువెత్తు ఫోటోలు. అరగంటలో అయిపోతుంది. రద్దీ రోజుల్లో క్యూ మాత్రం అంతకంటే ఎక్కువ. పొద్దున్నే వెళ్ళడం మేలు. ఆ రోజుల్లో సోమ, మంగళవారాలు మ్యూజియం మూసే ఉండేది.

సాయంత్రం పబ్బు. ఇక్కడ బల్ల దగ్గర కూర్చుని పిలిస్తే ఎవరూ రారు. బార్ దగ్గరికి వెళ్ళి నిలబడాలి. క్యూ లేనట్టే కనిపిస్తుంది గానీ ఎవరి తర్వాత ఎవరో బార్ వెనకున్న మనిషికి తెలుసు. డబ్బు ఊపడం, చిటికె వేయడం చేస్తే మన వంతు వెనక్కి పోతుంది. నలుగురు కలిసి వెళితే ఒకరి తర్వాత ఒకరు అందరికీ కొనాలి, దాన్నే రౌండ్ అంటారు. తన రౌండ్ రాకముందే జారుకున్నవాడిని ఈ ఊరు మరిచిపోదు. పింటు బీరు 5 నుంచి 6 పౌండ్లు. పక్కన పంది చర్మం వేయించిన స్క్రాచింగ్స్ పొట్లం. పళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళే కొనాలి. కాస్త కడుపు నిండా కావాలంటే ఫాగట్స్ అండ్ పీస్: పంది కాలేయం, మిగతా లోపలి మాంసం కొట్టి ఉండలు చేసి, కొవ్వు పొరలో చుట్టి కాల్చి, ఉడికించిన బఠాణీల గుజ్జుతో ఇస్తారు. కార్ఖానా కూలీల తిండి. మన తలకాయ కూర, బోటీ తిన్న నాలుకకి రుచి కొత్త కాదు. కారమే లేదు. శాకాహారులు చిప్స్‌తో సరిపెట్టుకోవడమే.

బార్ వెనక పెద్దావిడ గ్లాసు అందిస్తూ అందరినీ ‘బాబ్’ అంటుంది. అది పేరు కాదు. మన ‘బాబూ’, ‘అమ్మా’ లాంటి పిలుపు, ఆడా మగా ఇద్దరికీ. వెళ్ళేటప్పుడు ‘టరా ఎ బిట్’ అంటే సెలవని అర్థం.

జూలై 4, శుక్రవారం. ఆస్టన్, తర్వాత స్పార్క్‌బ్రూక్

ఆస్టన్ లాడ్జ్ రోడ్డులో 14వ నంబరు ఇల్లు. ఒకదానికొకటి అంటుకున్న ఎర్ర ఇటుకల ఇళ్ళ వరస, అందులో ఒకటి. రెండు పడకగదులు. ఆరుగురు పిల్లల్లో ఆజీ నాలుగోవాడు. ఎనిమిది మంది ఎలా సర్దుకున్నారో బయట నిలబడి లెక్క వేసుకోవడమే. ఎందుకంటే బెల్ కొట్టకూడదు. వీధంతా జనం కాపురముండే ఇళ్ళు. గేటు మీద చెయ్యి వేయకుండా, ఎదురు గోడ దగ్గర నుంచి ఒక ఫోటో తీసుకుని కదిలితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఆ వేళ అక్కడ మెక్సికో జెండా కప్పుకున్న ముగ్గురు, చొక్కా నిండా గుడ్డ బ్యాడ్జీలు కుట్టుకున్న తండ్రీ కూతుళ్ళు. పక్కింటి నుంచి సల్వార్ కమీజ్ వేసుకున్న పెద్దావిడ చెత్త డబ్బా బయటికి తోస్తూ వాళ్ళని చూసి తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పుడీ ఆస్టన్లో ఎక్కువగా పాకిస్తానీ, బంగ్లాదేశీ కుటుంబాలు. శుక్రవారం నమాజుకి వెళ్ళే తెల్ల టోపీలూ, నల్ల టీషర్టులూ ఒకే పేవ్‌మెంట్ మీద ఒకరికొకరు దారిచ్చుకుంటూ నడిచారు.

ఈ పేటలో పెరిగినవాడే అయోమీ. పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో పని, అదీ ఆఖరి రోజు. యంత్రం కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెంచేసింది. అతను ఎడమచేతి వాటం గిటారిస్టు. అంటే తీగలు నొక్కే చెయ్యి అదే. వాయించడం ఇక కుదరదన్నారు. అతను అంట్లు తోమే సబ్బు ద్రవం సీసా ఒకటి కరిగించి, ప్లాస్టిక్ ఉండ చేసి, వేడి సోల్డరింగ్ కడ్డీతో వేలు దూరేంత గుంత చేసి, ఉప్పుకాగితంతో రుద్ది, పాత తోలు జాకెట్ ముక్క అంటించి వేళ్ళకి తొడుక్కున్నాడు. తోలు లేకపోతే తీగ జారిపోతుంది. ఇక్కడితో అయిపోలేదు. తొడుగుకి స్పర్శ ఉండదు కాబట్టి ఎంత గట్టిగా నొక్కుతున్నాడో తెలియదు, బిగువు తీగని వంచితే నొప్పి. సన్నని గిటార్ తీగల సెట్లు అప్పట్లో దొరక్క బాంజో తీగలు కట్టాడు. 1971 నాటి మూడో ఆల్బమ్‌కి వచ్చేసరికి కొన్ని పాటలకి గిటార్‌ని మూడు అర్ధస్వరాలు కిందికి దింపాడు. తీగ వదులైంది, వేలికి సుఖం. శ్రుతి దిగేసరికి శబ్దం బరువెక్కింది. ఆ బరువునే తర్వాత ప్రపంచమంతా హెవీ మెటల్ అని నేర్చుకుంది. రెండు చేతులూ బాగున్నవాళ్ళు కూడా ఇవాళ తీగలు వదులు చేసుకుంటున్నారు.

లాడ్జ్ రోడ్డు నుంచి ఆస్టన్ పార్కులోకి నడిస్తే ఆస్టన్ హాల్. 1618 నుంచి 1635 దాకా సర్ థామస్ హోల్ట్ కట్టించుకున్న భవనం. 1643 అంతర్యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి పగిలిన చోటు మెట్ల కటకటాల్లో ఇప్పటికీ అలాగే ఉంచారు. విల్లా పార్క్‌లో పెద్ద స్టాండుకి హోల్ట్ ఎండ్ అని పేరొచ్చింది ఈయన వల్లే. కొండ అంచు నుంచి చూస్తే స్టేడియం కాళ్ళ దగ్గర ఉన్నట్టుంటుంది. శుక్రవారం సాయంత్రం లోపల సౌండ్ చెక్ జరుగుతోంది. డ్రమ్ము మీద ఒక్కో దెబ్బా వేస్తూ సరిచూసుకుంటుంటే, గడ్డి మీద నలభై యాభై మంది కూర్చుని అదే కచేరీ అన్నట్టు విన్నారు.

రాత్రి భోజనానికి స్పార్క్‌బ్రూక్, బాల్సాల్ హీత్ వైపు వెళ్ళాలి. ఊరి మధ్య నుంచి మోస్లీ రోడ్డు మీదుగా వెళ్ళే 50 నంబరు బస్సెక్కి దిగి, లేడీపూల్ రోడ్డుకి నడవడమే. ఇంగ్లండులో బస్సు టికెట్టుకి 3 పౌండ్లే గరిష్ఠం. కార్డు తాకిస్తే చాలు, చిల్లర ఇస్తే తిరిగి రాదు.

ఇక్కడ తినాల్సింది బాల్టీ. పేరు వింటే మనకి నీళ్ళ బాల్చీ గుర్తొస్తుంది. వచ్చేది మాత్రం పల్చటి స్టీలు మూకుడు, రెండు చెవులతో, అడుగు మాడి నల్లబడి. 1970లలో ఈ ఊరి పాకిస్తానీ వంటవాళ్ళు పుట్టించిన పద్ధతి ఇది. ముందే వండిపెట్టిన గ్రేవీలో ముక్కలు కలిపిచ్చే కూర కాదు. నెయ్యి కాకుండా నూనె, పెద్ద మంట, ఎముక లేని ముక్కలు, ఉల్లి, టమాటా, అల్లం వెల్లుల్లి, మసాలా, మెంతి ఆకు. పది నిమిషాల లోపు అయిపోవాలి. మూకుడు పల్చగా ఉంటేనే మంట వేడి వెంటనే ముక్కకి తగిలి అంచులు కాస్త మాడతాయి, రుచంతా అక్కడే. వండిన మూకుడులోనే బల్ల మీదికి రావాలి. వేరే గిన్నెలో వండి మూకుడులోకి ఒంపి ఇస్తే అది బాల్టీ కాదు. కనిపెట్టడానికి గుర్తు ఒకటే, మూకుడు అంచున కూర ఇంకా కుతకుతలాడుతుండాలి. స్పూన్లు పెట్టరు, నాన్ ముక్కే స్పూను. టేబుల్ నాన్ అని అడిగితే నిజంగానే బల్లంత వస్తుంది, నలుగురికి ఒకటి చాలు. ఇద్దరు వెళ్ళి రెండు చెప్తే వెయిటరే నవ్వి ఒకటి కొట్టేస్తాడు. ఒకరికి 12 నుంచి 15 పౌండ్లు. కారం గుంటూరు నాలుకకి చాలదు, పచ్చిమిర్చి అడిగితే విడిగా తెచ్చిపెడతారు. చాలా చోట్ల మద్యం అమ్మరు. కొన్ని చోట్ల మనం తెచ్చుకుంటే ఒప్పుకుంటారు, ముందు అడగాలి.

ఆ రాత్రి బల్లలన్నిటి దగ్గరా ఒకే చర్చ: బిల్ వార్డ్ పూర్తిగా వాయిస్తాడా, పక్కన ఇంకో డ్రమ్మర్‌ని పెడతారా?

జూలై 5, శనివారం. విల్లా పార్క్

రెండు స్టేషన్లు ఉన్నాయి. విట్టన్ స్టేషన్ దగ్గరిది, అందుకే అక్కడి రైళ్ళు కిక్కిరిసి ఉంటాయి. ఆస్టన్ స్టేషన్ పావుగంట నడక, కానీ రైళ్ళు ఎక్కువ. వెళ్ళేటప్పుడు ఆస్టన్ మంచిది. చిక్కేమిటంటే, దిగగానే లిచ్‌ఫీల్డ్ రోడ్డు మీద తప్పు వైపు తిరిగితే గ్రావెలీ హిల్ ఇంటర్‌చేంజ్ కిందికి పోతాం. స్పఘెట్టీ జంక్షన్ అని పిలిచే ఆ ఫ్లైఓవర్ల ముద్దని 1972లో తెరిచారు. దాని కింద దిక్కు తెలియదు. ఆ రోజు ఒక గుంపు మొత్తం అటే వెళ్ళి, ఇరవై నిమిషాల తర్వాత చెమటలు కక్కుతూ తిరిగొచ్చింది. ముందు నడిచేవాడు నల్ల టీషర్టు వేసుకున్నాడు కదా అని వెంటపడితే జరిగేది అదే. గుర్తు పెట్టుకోవాల్సింది చర్చి గోపురం. ఆస్టన్ హాల్ రోడ్డు పట్టుకుని ఎక్స్‌ప్రెస్‌వే కింద నుంచి దాటి, ఆ గోపురం వైపు నడిస్తే స్టేడియం దానంతటదే ఎదురొస్తుంది.

గేటు దగ్గర ఏ4 కాగితం కంటే పెద్ద సంచి తెచ్చినవాళ్ళ తిప్పలు చూడాలి. నీళ్ళ సీసా ఉంటే మూత తీసేసుకుంటారు. అది ఇంగ్లండు మైదానాల పాత అలవాటు, మూసిన సీసా విసిరితే రాయితో సమానమని. అదనంగా ఒక మూత జేబులో వేసుకెళ్ళినవాళ్ళు తెలివైనవాళ్ళు. ఒకసారి లోపలికి వెళ్తే మళ్ళీ బయటికి వచ్చి వెళ్ళడం ఉండదు. లోపల అంతా కార్డే, నగదు తీసుకోరు.

తప్పు గేటు క్యూలో నిలబడి ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే, పసుపుపచ్చ జాకెట్ వేసుకున్న కుర్రాడొకడు దగ్గరికొచ్చాడు. “అన్నా, మీది ఈ గేటు కాదు. మీ టికెట్ మీద అక్షరం చూడండి. అటు తిరిగి ట్రినిటీ రోడ్డు వైపు వెళ్ళాలి.” మాట తెనాలి వైపుది. ఇక్కడే మాస్టర్స్ చదువుతున్నాడట. స్టూడెంట్ వీసా మీద చదువు సాగే రోజుల్లో వారానికి ఇరవై గంటలే పని చేయనిస్తారు. ఫుట్‌బాల్ మ్యాచులకీ కచేరీలకీ ఇలా నిలబడితే రెండు వారాల సరుకులు వస్తాయన్నాడు. “మీకు ఈ పాటలు ఇష్టమా?” అంటే, “లేదన్నా, నేను తమన్ ఫ్యాన్‌ని. అయినా చెవుల్లో ఇవి పెట్టుకోమన్నారు,” అని నారింజ రంగు నురగ ప్లగ్గులు చూపించి నవ్వాడు.

ఆ ప్లగ్గుల సంగతి నవ్వులాట కాదు. వృత్తి ఆరోగ్య లెక్కల ప్రకారం 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు భరించొచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. కచేరీ తొమ్మిది గంటలు. నురగవి శబ్దాన్ని తగ్గిస్తాయి గానీ గిటార్ మొద్దుబారి, దుప్పటి కప్పి విన్నట్టుంటుంది. సంగీతం కోసమే చేసిన ఫిల్టర్ ప్లగ్గులు 20 పౌండ్ల దరిలో దొరుకుతాయి, అన్ని స్వరాలనీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. నురగదాన్ని వాడాలంటే సన్నగా నలిపి, ఇంకో చేత్తో చెవిని పైకి లాగి, లోపలికి పెట్టి అరనిమిషం వేలితో ఆపాలి. చాలామంది నలపకుండా దూర్చేసి, పనిచేయడం లేదని తీసేస్తారు.

వేదిక గుండ్రంగా తిరిగేది. ముందు సగంలో ఒక బృందం వాయిస్తుంటే, వెనక సగంలో తర్వాతి వాళ్ళ డ్రమ్ములు, యాంప్లిఫయర్లు బిగించి తీగలు సరిచూసుకుంటారు. ఒక బృందం వంతు అవగానే మొత్తం తిరుగుతుంది. పదికి పైగా బృందాలు ఒకే రోజు వాయించగలిగింది దీనివల్లే. మామూలు వేదిక మీద ఒక్కో మార్పుకి అరగంట పోతుంది. మాస్టొడాన్‌తో మొదలై రైవల్ సన్స్, ఆంత్రాక్స్, హేల్‌స్టార్మ్, ల్యాంబ్ ఆఫ్ గాడ్ చకచకా వచ్చి వెళ్ళారు. చాలా బృందాలు తమవి రెండు మూడు, సబాత్‌దో ఆజీదో ఒకటి వాయించాయి. మొత్తం సంగీత దర్శకత్వం గిటారిస్టు టామ్ మొరెల్లోది.

శబ్దం ఎక్కడ బాగుంటుందంటే మైదానం మధ్యలో, మిక్సింగ్ బల్ల వెనక. సరిచేసేవాడు వినేదే మనమూ వింటాం. వేదిక ముందు కంచెకి ఆనుకుంటే మొహాలు బాగా కనిపిస్తాయి, గొంతు మాత్రం సరిగా వినపడదు. స్టాండు కప్పు కింద వెనక వరసల్లో శబ్దం రేకుకి తగిలి రెండోసారి వస్తుంది.

మధ్యాహ్నం అందరినీ పట్టి ఊపింది యంగ్‌బ్లడ్ అనే గాయకుడు పాడిన సబాత్ పాట ‘ఛేంజెస్’. పియానో మీద నడిచే నెమ్మది పాట, పాడింది అప్పటికి ముప్ఫై నిండని కుర్రాడు. నల్లచొక్కాల ముసలివాళ్ళు అతన్ని చూసి మొదట మూతి విరిచారు. రెండో చరణానికి వాళ్ళే కళ్ళజోళ్ళు తీసి తుడుచుకున్నారు. ట్రావిస్ బార్కర్, చాడ్ స్మిత్, డానీ కేరీ ముగ్గురు డ్రమ్మర్ల పోటీ చూడముచ్చటే గానీ, కాస్త పొడుగైంది. ఆ సమయంలో బాత్రూమ్ క్యూ చిన్నది, తెలిసినవాళ్ళు అప్పుడే వెళ్ళొచ్చారు. తిండికి అక్కడా బాల్టీయే: చికెన్ బాల్టీ పై. నిన్నటి కూరని పిండి పెంకులో పెట్టి కాల్చినట్టు. ఈ ప్రాంతపు ఫుట్‌బాల్ మైదానాల్లో చలికి చేతులు కాచుకుంటూ తినేది. లోపలి గ్రేవీ మరుగుతూ ఉంటుంది, మూల కొరికి ఆవిరి పోనివ్వకపోతే నాలుక పోతుంది.

ఇంటి దగ్గర చూసేవాళ్ళకి ప్రత్యక్ష ప్రసారం రెండు గంటలు ఆలస్యంగా ఇచ్చారు. హైదరాబాద్‌లో చూసినవాళ్ళకి సాయంత్రం ఏడున్నరకి మొదలై, సబాత్ వచ్చేసరికి తెల్లవారుజామైంది. మైదానంలో ఫోన్ సిగ్నల్ మధ్యాహ్నం నుంచే చచ్చిపోయింది కాబట్టి, వాళ్ళకి ముందే ఏదీ చెప్పేసే పాపం ఎవరూ చేయలేకపోయారు.

మెటాలికా ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’తో దిగిపోయాక కొంచెంసేపు ఏమీ లేదు. జూలైలో అక్కడ తొమ్మిదిన్నర దాకా వెలుతురు పోదు. వేదిక కింద నుంచి ఆజీ సింహాసనం మీద కూర్చునే పైకి వచ్చాడు. నల్ల కుర్చీ, వీపు మీద గబ్బిలం రెక్కలు. 2019లో పడి వెన్నుకి దెబ్బ, వరస ఆపరేషన్లు. 2020లో పార్కిన్సన్స్ ఉందని బయటికి చెప్పాడు. నడిచి రావడం కుదరదు, నడిపించి తీసుకొస్తే జనం చూడలేరు. కుర్చీయే అతన్ని మోసుకొచ్చింది. రాజు సింహాసనం మీద రాకపోతే ఎలా వస్తాడు అనిపించేలా చేశారు. ఆ ఆలోచన ఎవరిదో గానీ, అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించిన తెలివి లాంటిదే అది.

ముందు, సబాత్ లేకుండా, ఆజీ సొంత పాటలు ఐదు. గిటార్ జాక్ వైల్డ్. ‘ఐ డోంట్ నో’తో మొదలుపెట్టాడు. నడుము పైన శరీరం మాత్రమే పాడుతోంది. లేవబోయినట్టు ముందుకి వంగుతాడు, కుర్చీ చేతులు పట్టుకుంటాడు, మళ్ళీ ఆనుకుంటాడు. కళ్ళు మాత్రం పాతికేళ్ళవాడివే, పెద్దవి చేసి గుడ్లురుముతాడు, చేతులు కొట్టమంటాడు. ‘మామా ఐయామ్ కమింగ్ హోమ్’ దగ్గర గొంతు వణికింది, పదాలు జారాయి. జారిన చోటల్లా నలభై వేలకి పైగా గొంతులు ఎత్తుకున్నాయి. శ్రుతి తప్పింది, రికార్డు విని పోల్చుకునేవాళ్ళకి ఇబ్బందే. ఆ రోజు ఎవరూ పోల్చుకోలేదు.

వేదిక ఆఖరిసారి తిరిగింది. వైమానిక దాడి సైరన్. ‘వార్ పిగ్స్’. బిల్ వార్డ్ ఒక్కడే వాయించాడు, పక్కన ఇంకెవరూ లేరు. రాత్రి బాల్టీ బల్ల దగ్గర పందెం కాసినవాళ్ళలో సగం మంది ఓడిపోయారు. వేగం రికార్డు కంటే తక్కువ. ఆ తగ్గిన వేగంలోనే అతని స్వింగ్ తెలిసింది. కొట్టే దెబ్బకంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య వదిలే ఖాళీ. కొత్త డ్రమ్మర్లు పొద్దుటి నుంచి అంతా నింపేస్తూ వచ్చారు, ఆయన ఖాళీ వదిలాడు. తర్వాత చొక్కా విప్పేశాడు. ‘ఎన్.ఐ.బి.’ ముందు గీజర్ బేస్ మీద ఒంటరిగా వాయించాడు. ఆయన ఆస్టన్ విల్లా జట్టు అభిమాని, చేతిలో బేస్‌కి విల్లా రంగులే. అయోమీ ఎప్పటిలాగే ఒకచోట నిలబడి, తొడుగులున్న ఆ రెండు వేళ్ళతో ‘ఐరన్ మ్యాన్’ ఎత్తుకున్నాడు. పెద్ద తెర మీద చెయ్యి దగ్గరగా చూపించారు. పక్కన నిలబడ్డ గడ్డం మనిషి ఒకడు తెర చూడలేదు, తన కుడిచేతి వేళ్ళు చూసుకున్నాడు.

నాలుగోది ‘పారనాయిడ్’. మూడు నిమిషాల పాట. బాణసంచా, కేకు, కౌగిలింతలు. ఆజీ కుర్చీలోనే ఉన్నాడు, మిగతా ముగ్గురూ అతని దగ్గరికి వచ్చారు. జనం కోరితే మళ్ళీ వచ్చి వాయించే అన్‌కోర్ లేదు.

బయటికి వచ్చాక విట్టన్ స్టేషన్ వైపు చూస్తే క్యూ పాములా వీధులు తిరిగింది. పోలీసులు కొద్దికొద్దిగా వదులుతారు, గంట పైనే పడుతుంది. కాళ్ళు పనిచేస్తుంటే ఏ34 రోడ్డు పట్టుకుని ఊళ్ళోకి నడవడమే నయం, నాలుగు కిలోమీటర్ల పైమాట. నడిచినవాళ్ళంతా ఒకే వేగంతో, పెద్దగా మాటల్లేకుండా నడిచారు. న్యూటౌన్ దగ్గర ఒక కబాబ్ కొట్టువాడు షట్టర్ సగం దించినవాడల్లా మళ్ళీ ఎత్తాడు. చిప్స్ 4 పౌండ్లు, ఉప్పు వెనిగర్ ఊరికే.

జూలై 6, ఆదివారం. స్టేషన్ స్ట్రీట్

పొద్దున్నే చెవుల్లో గుయ్‌మంటుంటే ప్లగ్గులు సరిగా పెట్టుకోలేదని అర్థం. ఒకరోజులో తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. హోటల్ టిఫిన్ బల్ల మీద హెచ్‌పీ సాస్ సీసా. ఆస్టన్లో తయారైన సరుకే, 2007లో ఫ్యాక్టరీ మూసి హాలండుకి తీసుకెళ్ళారు. సీసా మీద బ్రిటిష్ పార్లమెంటు బొమ్మ మాత్రం అలాగే ఉంది. గుడ్డు మీద పోసుకుంటే చింతపండు పులుపు తెలుస్తుంది, నిజంగానే అందులో చింతపండు ఉంటుంది.

చివరగా చూడాల్సింది న్యూ స్ట్రీట్ స్టేషన్ వెనక వీధి. పేరు స్టేషన్ స్ట్రీట్. ది క్రౌన్ అనే పబ్బు అక్కడే ఉంది. 1960ల చివర్లో ఈ నలుగురూ, ఇంకా బ్లాక్ సబాత్ అన్న పేరు పెట్టుకోని రోజుల్లో, వాయించిన చోటు. 2014లో మూతపడింది. అదే వరసలో 1909లో తెరిచిన ఎలక్ట్రిక్ సినిమా హాలు, అదీ 2024 ఫిబ్రవరిలో మూతపడింది. ఆదివారం పదింటికి క్రౌన్ ముందు పాతిక మంది దాకా ఉన్నారు. లోపలికి చూడటానికి ఏమీ లేదు, కిటికీలకి చెక్కలు కొట్టేశారు. ఒకతను గోడకి చెయ్యి ఆనించి ఫోటో తీయమన్నాడు. తీశాక, మధ్యవేలూ ఉంగరపు వేలూ మడిచి, మళ్ళీ తీయమన్నాడు.